కూలీ గడిలో సున్నా

"ఊరికే ఇంట్లో కూర్చునే బదులు, ఆ టెండరు ఎందుకు పోయిందో వెళ్ళి కనుక్కుని రాకూడదూ?" అన్నారు మా ఆయన.

ఆ మాట అనే సమయానికి నేను ఒక పొయ్యి మీద బైండింగుకి జిగురు ఉడికిస్తున్నాను. పిండి ఉండ కట్టకుండా గరిటె తిప్పుతూనే ఉండాలి. రెండో పొయ్యి మీద అన్నం. చంకలో కుట్టు పూర్తయిన నిఘంటువు, జిగురు పొయ్యి దిగగానే దాని అట్ట అంటించాలి కాబట్టి. నేను కూర్చుని ఎంతసేపైందో ఆలోచించాను కానీ గుర్తు రాలేదు. అయినా మా ఆయన చెడ్డవారేమీ కాదు. ఆయన కళ్ళకి ఇంట్లో ఉన్నవాళ్ళంతా కూర్చున్నట్టే కనపడతారు, అంతే. నడిచి బయటికి వెళ్ళినవాళ్ళే పనికి వెళ్ళినట్టు. ఆయన వెళ్ళేది కూడా ఎంతో దూరం కాదు. మెట్లు దిగితే మా బైండింగు షాపే.

షాపు మా మామగారు పెట్టినది. బోర్డు మీద ఆయన పేరు, పక్కన 'అండ్ సన్స్' అని ఉంటుంది. ఆయనకి ఉన్నది ఒక్క కొడుకే, కానీ ఒకడే అని రాస్తే గిట్టుబాటు కాదనుకున్నారేమో. ఆ ఒక్క సన్ కింద కౌంటర్లో కూర్చుంటారు. చిరిగిన పుస్తకాలు తీసుకుంటారు, రసీదులు రాస్తారు, కటింగ్ మిషన్ మీద అట్టలు కోస్తారు. ఆ పుస్తకాలు సంచుల్లో మెట్లెక్కి మా ముందుగదిలోకి వస్తాయి. అత్తయ్య పాత దారాలు విప్పి, చిరిగిన పేజీలకి పల్చటి కాగితం అతికిస్తుంది. నేను పేజీలు సరిచూసి, కుట్టి, జిగురు పెట్టి, అట్ట వేసి, బరువు కింద పెడతాను. మళ్ళీ సంచుల్లో మెట్లు దిగుతాయి. కింద ఉన్నంతసేపూ అది వ్యాపారం. పైకొస్తే ఇంటిపని అయిపోతుంది. అంట్లు తోమినట్టు, పక్కలు వేసినట్టు పుస్తకాలు కూడా కుట్టాను ఇన్నేళ్ళూ. నాకు ఆ పని ఇష్టం, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఊడిపోయి గాలికి ఎగిరే పుస్తకం నా చేతిలో మళ్ళీ ఒక్కటిగా నిలబడితే, ఎవరూ మెచ్చుకోకపోయినా నాకు కడుపు నిండినట్టే ఉంటుంది.

టెండరు సంగతి ఏమిటంటే, నగరంలో లైబ్రరీలన్నిటికీ చిరిగిన పుస్తకాలు బైండు చేయించడానికి కార్పొరేషన్ వాళ్ళు పిలిచారు. ఏడాది పొడుగునా పని. రసీదు పుస్తకాలూ, కాలేజీ పిల్లల రిపోర్టులూ తగ్గిపోయి షాపు ఈగలు తోలుకుంటున్న రోజులు. మా ఆయన ఉత్సాహంగా కాగితాలు నింపి, అందరికన్నా తక్కువ ధర వేశారు. రాలేదు. "అంతా లోపల్లోపలే సర్దుకుంటారు. మనలాంటివాళ్ళకి ఇస్తారా?" అని రెండు రోజులు కనపడిన ప్రతివాళ్ళతోనూ అన్నారు. అయితే వాళ్ళు పంపిన ఉత్తరం అడుగున, పని దొరకనివాళ్ళు వచ్చి కారణం అడగవచ్చు అని ఉంది. ఆ మాట మా అమ్మాయి చదివి చెప్పింది. "నేను వెళితే అడుక్కోవడానికి వెళ్ళినట్టుంటుంది," అన్నారు ఆయన. నేను వెళితే ఎలా ఉంటుందో మరి ఎవరూ ఆలోచించలేదు.

కొనుగోళ్ళ విభాగం మూడో అంతస్తులో ఉంది. అక్కడ ఒక మేడమ్ కళ్ళజోడు తలమీద పెట్టుకుని, బల్లంతా వెతుక్కుంటోంది. "తలమీద ఉందండీ," అన్నాను. ఆవిడ నవ్వేసింది, నాకూ భయం పోయింది. మా షాపు పేరు చెప్పగానే ఫైలు తీసింది.

"మీరు ధర ఎక్కువ వేసి పోగొట్టుకోలేదమ్మా. తక్కువ వేసి పోగొట్టుకున్నారు."

"తక్కువ వేస్తేనే కదండీ ఇచ్చేది?"

"తక్కువకీ ఒక లెక్క ఉండాలిగా." ఆవిడ కాగితం నా వైపు తిప్పింది. మా ఆయన గుండ్రటి చేతిరాత. అట్ట, దారం, గుడ్డ, జిగురు, కరెంటు, రవాణా, ఒక్కోదానికీ ఒక గడి. 'కూలీ' అని ఉన్న గడిలో చక్కగా సున్నా చుట్టి ఉంది. "మీకు కుట్టు మిషన్లున్నాయా?"

"లేవండీ, అంతా చేత్తోనే."

"ఎవరి చేత్తో?"

నేను నా చేతుల వంక చూసుకున్నాను. గోళ్ళ చుట్టూ ఆరిన జిగురు పొట్టు లేచి ఉంది. "నా చేత్తోనే," అన్నాను.

"మరి మీ కూలీ ఏదీ?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. "మనుషులే లేకుండా ఇన్ని పుస్తకాలు ఎలా కుడతారు, మధ్యలో వదిలేసి పోతారేమోనని కమిటీ వాళ్ళు మీ కాగితం పక్కన పెట్టారు," అంది.

అప్పుడు ఇంకో గడి నా కంట పడింది, 'ఇతర ఖర్చులు'. అందులో పిల్లికి పాలు అని ఉంది. షాపులో కాగితాలు ఎలుకలు కొట్టకుండా పిల్లిని పెంచుతున్నాం. అది నిజమే, దాని పాలు వ్యాపారం ఖర్చే. మా ఆయన లెక్కలో ఎప్పుడూ తప్పరు. పిల్లి ఉంది. నేను లేను.

బస్సులో వస్తూ ఎంతసేపు నవ్వుకున్నానో. పక్కన కూర్చున్నావిడ కాస్త జరిగి కూర్చుంది కూడా. మా వీధి మలుపు వచ్చేసరికి ఆ నవ్వు ఎందుకో ఆగిపోయింది. ఆయన నన్ను దాచిపెట్టలేదు, మోసం చేయలేదు. మరిచిపోయారు. కాదు, మరిచిపోవాలంటే ముందు ఒకసారి గుర్తుండాలి కదా. సున్నా చుట్టేటప్పుడు ఆయన కలం ఒక్క క్షణం కూడా ఆగి ఉండదు. ఆ పిల్లి ఎలుకని పట్టడం నేను ఒక్కసారే చూశాను, అది కూడా పట్టి వదిలేసింది. దానికి ఉన్న గుర్తింపు నాకు లేనందుకు కోపం వచ్చింది, కోపం వచ్చినందుకు సిగ్గేసింది, సిగ్గెందుకు పడాలని మళ్ళీ కోపం వచ్చింది. ఇంటికి చేరేసరికి ఆకలి వేసింది. అన్నం తిన్నాకే నోరు విప్పాను.

"నీకు కూలీ ఏమిటి?" అన్నారు మా ఆయన నిజంగా ఆశ్చర్యపోతూ. "నువ్వేమైనా పరాయిదానివా?"

ఈ మాట ఉంది చూశారూ, దీనికి జవాబు చెప్పడం మహా కష్టం. తిడితే తిరిగి తిట్టవచ్చు. ఇది ప్రేమగా అన్నమాట. పెళ్ళయిన కొత్తలో ఈ మాట విని మురిసిపోయేదాన్ని. షాపు నీది, ఇల్లు నీది, అంతా నీదే అంటే, అంతా నాదైనప్పుడు ఇక అడగడానికి ఏముంటుంది? ఒక జత చెప్పులు కొనుక్కోవాలన్నా కౌంటరు దగ్గరికి వెళ్ళి నిలబడి, రసీదు రాసుకునేవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, "ఏమండీ" అనాలి. పరాయిదాన్నైతే వారం తిరిగేసరికి చెయ్యి చాపి తీసుకునేదాన్ని.

"ఇంటి పనికి కూలీ అడిగేదాన్ని పనిమనిషి అంటారు, కోడలనరు," అంది అత్తయ్య పాత అట్ట ఒకటి పీకుతూ. "నువ్వు పుట్టకముందు నుంచీ కుట్టినదాన్ని నేను. మీ మామగారు ఏనాడైనా ఏ గడిలోనైనా వేశారా? ఇల్లు గడవలేదా?" ఆమె నాకు కుట్టు నేర్పిన గురువు. తిట్టుకుంటూనే నేర్పింది. సూది ఎప్పుడు నా చేతికిచ్చిందో, అప్పట్నించీ తను పని మానేశానని అందరితోనూ చెబుతుంది. పొద్దున్న పనులయ్యాక పేజీలు విప్పడానికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవదు, దాన్ని మాత్రం కాలక్షేపం అంటుంది.

నేను వాళ్ళతో వాదించలేదు. కళ్ళజోడు మేడమ్ చెప్పిన మాటలు చెవిలో తిరుగుతున్నాయి. టెండర్లు ఎక్కడో చాటుగా పుట్టవమ్మా, అన్నీ మా వెబ్‌సైటులో పెడతాం, పేరు నమోదు చేసుకుని మీరేం పని చేస్తారో అక్కడ టిక్కు పెట్టండి, ఆ పని పడ్డప్పుడు మీకే కబురొస్తుంది. ఒకేసారి కొండకి గురిపెట్టకండి, చిన్న పనితో మొదలెట్టండి. ధర వేసేముందు అందరినీ సమావేశానికి పిలుస్తాం, వచ్చి అడగండి, అడిగితే పోయేదేం లేదు. ఇవన్నీ చెప్పడం ఆవిడ ఉద్యోగమే. అయినా నాకు ఎవరో పుట్టింటివాళ్ళు చెప్పినట్టుంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోనులో నా పేరు నమోదు చేసింది. పదో తరగతి చదువుతోంది, దానికి ఇవన్నీ మంచినీళ్ళు తాగినంత సులువు. "అమ్మా, నీ వృత్తి?" అంది. గృహిణి అనబోయాను, నాలిక చివరిదాకా వచ్చింది. "బైండరు అని కొట్టు," అన్నాను.

రెండు నెలలు తిరక్కుండా కబురు వచ్చింది. ఈసారి పేటల్లో ఉన్న పిల్లల లైబ్రరీలకి మాత్రమే. చిన్న పని. మా అమ్మాయికి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సమావేశానికి వెళ్ళాను. హాల్లో రకరకాల వాళ్ళు, వేరువేరు పనులకి వచ్చినవాళ్ళు కలిసి ఉన్నారు. పైపులు వేసేవాళ్ళు, కుర్చీలు అమ్మేవాళ్ళు, మా పనికే వచ్చిన, కోటు వేసుకున్న పెద్ద ప్రెస్సు ఆయన. నా పక్కన చీపుర్లు సరఫరా చేసే ఆవిడ. ఎవరికైనా సందేహాలున్నాయా అని మేడమ్ అడిగింది. కోటు ఆయన గడువుల గురించి ఏదో అడిగాడు. లేవడానికి ఎంత భయపడ్డానంటే, లేచాక కూర్చోవడం గుర్తు రాలేదు.

"కూలీ గడి గురించండీ. షాపు యజమాని భార్య ఇంట్లో కూర్చుని కుడితే, ఆమె కూలీ అందులో రాయాలా, రాయక్కర్లేదా?"

హాలు గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "రాస్తే ఆవిడ నిజంగానే అడుగుతుందమ్మా!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. మేడమ్ మాత్రం వంచిన తల ఎత్తకుండా రాసుకుంది. "మంచి ప్రశ్న. జవాబు రాసి, అడిగినవాళ్ళ పేరు లేకుండా అందరికీ కనపడేలా పెడతాం," అంది. నేను కూర్చున్నాను. చీపుర్ల ఆవిడ నా మోచెయ్యి నొక్కి, "నేను మూడేళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను వదినా, నోరు పెగల్లేదు," అంది గుసగుసగా.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. దాన్ని మా ఇంట్లో ముందు చూసింది మా ఆయనే. ఆయన కూడా ఆ పని మీద కన్నేసి ఉంచారు మరి. టిఫిను తింటూ ఫోను పైకెత్తి చదివారు.

"ఇది విన్నారా? యజమాని భార్య కుడితే కూలీ రాయాలా అని అడిగాడట ఎవడో తలమాసినవాడు!"

"జవాబేమిచ్చారు నాన్నా?" అంది మా అమ్మాయి, నా వంక చూడకుండా.

"'పనిచేసే ప్రతి మనిషి కూలీ రాయవలెను. బంధుత్వంతో సంబంధం లేదు.'" చదివి ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. మళ్ళీ ఒకసారి లోపల్లోపల చదువుకున్నారు. పెదవులు కదలడం కనపడింది.

"తలమాసినవాడు కాదండీ," అన్నాను. "తల దువ్వుకునే తీరిక లేనిది. నేనే అడిగాను."

ఆయన చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. అత్తయ్య, "నలుగురు మగాళ్ళ మధ్య లేచి నిలబడి ఇంటి గుట్టు అడిగావా?" అని బుగ్గలు నొక్కుకుంది. గుట్టు! నేను పుస్తకాలు కుట్టడం ఈ ఇంటి గుట్టు అని నాకు అప్పుడే తెలిసింది.

"ఈసారి టెండరు నా పేరున వేస్తాను," అన్నాను. "నా కూలీ రాస్తాను. అట్టలు మీరు కోస్తే మీ కూలీ కూడా రాస్తాను."

"నాకు కూలీయా! నేను ఓనర్ని!"

"ఓనరుకి గడి లేదు నాన్నా, చూశాను," అంది మా అమ్మాయి.

"కూలీ కలిపితే ధర పెరుగుతుంది. పెరిగితే ఆ ప్రెస్సువాడు తన్నుకుపోతాడు. నీ గడి కోసం నోటి దగ్గర కూడు పోగొట్టుకుంటామా?" అని ఆయన చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళిపోయారు.

ఆ మాట నన్ను భయపెట్టలేదంటే అబద్ధం. నిజంగానే పోతే? షాపు ఖాళీగా ఉంది, అమ్మాయి చదువు ముందుంది. నన్ను నేను లెక్కలో వేసుకున్నందుకే పని పోతే, ఇక జీవితాంతం ఇంట్లో దెప్పుళ్ళు వినాల్సింది నేనే. సున్నా పెడితే ఎవరూ ఏమీ అనరు. సున్నా ఎంత హాయి! కానీ మొదటిసారి సున్నా పెట్టే కదా పోగొట్టుకున్నాం. పోతే ఈసారి లెక్కలో నేను ఉండగా పోతుంది. ఆ ఆలోచన వచ్చాక నాకు ఎందుకో ధైర్యం వచ్చింది. పొద్దున్నే గడియారం పక్కన పెట్టుకుని ఒక బొమ్మల పుస్తకం కుట్టాను, ఒకటి అయ్యేసరికి ఎంతసేపు పడుతుందో చూడ్డానికి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. మధ్యలో పాలవాడు, గ్యాసు మనిషి, అత్తయ్య మాత్ర, కింద నుంచి "కాఫీ!" అన్నీ వచ్చాయి. నాలుగోసారి లేవాల్సి వచ్చినప్పుడు లేవలేదు. "పనిలో ఉన్నానండీ!" అని మెట్ల మీదుగా అరిచాను. కాసేపటికి ఆయన హోటలు నుంచి తెప్పించుకున్నారు.

ఆయన వారం రోజులు ముఖం గంటు పెట్టుకునే ఉన్నారు. కంచంలోకి చూస్తూ తినడం, నాకు చెప్పాల్సినవి మా అమ్మాయికి చెప్పడం. "మీ అమ్మకి చెప్పు, దారం అయిపోయిందని." మీ అమ్మ రెండడుగుల దూరంలోనే ఉండేది. గడువు ముందురోజు మధ్యాహ్నం షాపు మూసి పైకొచ్చారు. నేను నింపిన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. నిలబడే చదివారు, కూలీ గడి దగ్గర ఆగారు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను.

"అట్ట ధర పాతది రాశావు," అన్నారు చివరికి. "పోయిన నెల పెరిగింది. నష్టపోతావు." కుర్చీ లాక్కుని కూర్చుని దిద్దారు. కాసేపాగి, "కటింగుకి నాది మరీ తక్కువ వేశావు," అన్నారు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వారు, ఒప్పుకున్నట్టు కాదు, పట్టుబడినట్టు. ఆ నవ్వు చూసి ఎంత తేలికపడ్డానో చెప్పలేను. గెలవకపోయినా ఫరవాలేదనిపించింది.

కానీ గెలిచాను. ప్రెస్సు కోటు ఆయన ధర నాకన్నా కొంచెం తక్కువే, కానీ పిల్లల పుస్తకాలు పూర్తిగా తెరుచుకునేలా చేత్తో కుట్టి ఇస్తామన్నది నేనొక్కదాన్నేనట. మేడమ్ ఫోను చేసి, "మీ కాగితంలో ఈసారి మనుషులు కనపడుతున్నారమ్మా," అంది. మా ఆయన కింద కౌంటర్లో కనపడిన ప్రతివాళ్ళతోనూ, "మా ఆవిడ టెండరు కొట్టింది," అని చెప్పడం మెట్ల మీద నుంచి విన్నాను. చెప్పనివ్వండి. ఆయనకి ఆ కౌంటరు ఉన్నది అందుకే.

పని మొదలుపెట్టేముందు, ఎవరెవరు పనిచేస్తారో ఒక జాబితా పంపమన్నారు. ముందుగదిలో కూర్చుని రాస్తున్నాను. మొదట నేను, కుట్టు. తరవాత మా ఆయన, కటింగు. అత్తయ్య కిటికీ దగ్గర ఒక పాత అట్లాసు విప్పుతోంది. ఆమె సంగతి నాకు తట్టలేదనుకోకండి. పొద్దున్న నుంచీ అదే ఆలోచిస్తున్నాను. అడిగితే పనిమనిషిని చేశావంటుంది, అడక్కపోతే సున్నా చుట్టినదాన్ని నేనవుతాను. ఎలా మొదలెట్టాలో తెలియక కలం మూత పెడుతూ తీస్తూ ఉన్నాను.

"అమ్మాయ్," అంది ఆమె అట్లాసు మీంచి తల తిప్పకుండా. "ఆ కాగితంలో అరవై దాటినవాళ్ళని రాయనిస్తారా?"

నేను కలం మూత పెట్టేశాను. "తెలియదు అత్తయ్యా. రేపు ఆఫీసుకి వెళ్తానుగా, అడుగుతాను."

ఆమె దారం ముక్కలన్నీ దులుపుకుని లేచింది. చెప్పుల కోసం తలుపు వెనక చూసింది.

"రేపటిదాకా దేనికి, నువ్వడగడం దేనికి?" అంది. "నాకు నోరు లేదా? పద, నేనే అడుగుతాను."